అరువు దిబ్బ

ఆ రోజుల్లో మా ప్రాంతంలో చెత్తకు కరువుండేదని చెబితే మా మనవరాలు నమ్మదు. ఇప్పుడు పొద్దున్నే మునిసిపాలిటీ బండి పాట పెట్టుకుని మా వీధిలోకి వస్తుంది. తడి చెత్త ఒక డబ్బాలో, పొడి చెత్త ఇంకో డబ్బాలో వేసి ఇవ్వాలి. అరటి తొక్కను పొడి డబ్బాలో వేశానని మా ఆవిడ ఇరుగుపొరుగు వినేలా నాకు పాఠం చెబుతుంది. (చెత్త గురించి ప్రభుత్వం నాకు జీతమిచ్చి మరీ శిక్షణ ఇప్పించిందని ఆమెకు తెలుసు. తెలిసే అంటుంది.) బండి వెళ్లిపోయాక వాకిట్లో నిలబడి, ఒకప్పుడు ఇదే చెత్త కోసం నేను ఇల్లిల్లూ తిరిగి చేయి చాచిన సంగతి తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు ఇప్పుడొస్తుంది గానీ అప్పుడు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

నాకప్పుడు ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. గ్రామసేవక్‌గా శిక్షణ ముగించుకుని, ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని జువ్వలదిన్నెకు కొంచెం ఈవల ఉన్న ఒక పల్లెలో దిగాను. కాలువకు పడమట వరి మళ్లు, తూర్పున సరుగుడు తోటలు, ఆపైన ఇసుక, ఆపైన సముద్రం. ఉద్యోగం వచ్చిందే గానీ ఇంకా ఖాయం కాలేదు. బ్లాకు ఆఫీసరు గారు వచ్చి నా పని చూసి బాగుందంటే ఉంటుంది, లేదంటే అదే ట్రంకు పెట్టె, అదే గొడుగు పట్టుకుని ఇంటికి పోవడమే. మా నాయన మిషను బడిలో పంతులు. తాను రిటైరయ్యేలోగా ఇంట్లో ఒక్కడైనా సర్కారు కొలువులో కుదురుకోవాలని రోజూ ప్రార్థనలో నా పేరు చేర్చేవాడు. నేను ఊరికి బయలుదేరిన రోజు ప్రార్థన మరీ పొడుగైపోయి, ఎక్కాల్సిన బస్సు కాస్తా వెళ్లిపోయింది.

ఆఫీసరు గారు నాకు అప్పగించిన మొదటి పని కంపోస్టు గుంట. గుంట తవ్వి, ఊళ్లోని చెత్తా చెదారం, పేడ, బూడిద వరసలు వరసలుగా వేసి, నీళ్లు చల్లి, నిండాక పైన మట్టితో మెత్తి మూసేయాలి. మూడు నెలలకు బంగారంలాంటి ఎరువు తయారవుతుంది. శిక్షణలో ఇదంతా బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చూపించారు. బోర్డు మీద గుంట అంచులు నిటారుగా ఉండేవి. ఇక్కడ ఇసుక నేల కాబట్టి ఒక పక్క తవ్వుతుంటే ఇంకో పక్క జారేది. చివరికి తాటాకు దడులు కట్టి, కాలువ ఒండ్రుమట్టి మెత్తి, ఎలాగో ఆకారం తెచ్చాను. గుంట చూడడానికి ఊరంతా వచ్చింది. ఊరి ప్రెసిడెంటును అందరూ మామ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన గుంట చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఏందబ్బయా, ఎవురు పోయినారు?"

"ఎవరూ పోలేదు మామా. ఇది చెత్త పూడ్చే గుంట."

"చెత్తని గూడా పూడుస్తారా? అదేం జేసింది పాపం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాటి నుంచి గంప పట్టుకుని ఇళ్లకు బయలుదేరాక గానీ నా నవ్వు దిగలేదు. ఆ ఊళ్లో చెత్త లేదు. అతిశయోక్తి కాదు, నిజంగానే లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, అవి గేదెకు. తవుడు గొడ్లకు, ఊక పొయ్యికి. కొబ్బరి పీచు అంట్లు తోమడానికి, చిప్పలు మంటకు. సరుగుడు తోటల్లో రాలిన ఆకు రాలినట్టే పిల్లలు ఊడ్చుకొచ్చి పొయ్యి పక్కన పోసేవాళ్లు. కుండ పగిలితే పెంకు మీద పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునేవాళ్లు. చేపలు కడిగిన నీళ్లు, పొలుసు, పేగులు సొరపాదులకు పోయేవి. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే దీపం వత్తి. ఆ ఊళ్లో పారేసే వస్తువంటూ ఉంటే అది నేనిచ్చే ఉపన్యాసం ఒక్కటే.

"అక్కా, పొయ్యిలో బూడిద ఉంటే ఇవ్వక్కా" అని ఒక ఇంటి ముందు అడిగాను.

"బూడిదిచ్చేసి అంట్లు నీ మొహంతో తోముకోమంటావా?" అంది ఆవిడ. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగినట్టు అంది.

ఇంకో ఇంట్లో ముసలవ్వ అరుగు మీద పరిచిన బొంతను, ఏ వైపు నుంచి చూసినా చిరుగులే కనిపించే బొంతను, నా చూపు పడగానే దగ్గరికి లాక్కుంది. "ఈడ జూడు, ఈ ఎర్ర ముక్క నా పెళ్లి కోక. దీన్ని గుంటలో ఏస్తావా నాయనా? ఏస్తే నన్ను గూడా ఎయ్యి." నేను దండం పెట్టి బయటపడ్డాను. చేపల పల్లె వైపు వెళ్తే, పొలుసు మీకిచ్చేస్తే మా సొరపాదుకి మీ ఆఫీసరొచ్చి ఎరువేస్తాడా అన్నారు. సాయంత్రానికి నా గంపలో ఒక అరిగిపోయిన చీపురు, రెండు పగిలిన గాజులు మిగిలాయి. (చీపురు కూడా ఆ ఇంటావిడ మరునాడు వచ్చి తీసుకుపోయింది, పుల్లలు తడికకు పనికొస్తాయట.)

ఇక మిగిలింది దిబ్బలు. ప్రతి రైతు ఇంటి ముందూ పేడ, కసువు కలిపి పోసిన దిబ్బ ఉండేది. అది వేసవిలో పొలానికి తోలే ఎరువు. దాన్ని అడగడం ఇంటి మహాలక్ష్మిని అడగడంతో సమానం. అన్నదమ్ములు వేరుపడితే పొలంతో పాటు దిబ్బనూ గీత గీసి పంచుకునేవాళ్లు. అంతకన్నా ముఖ్యం, పిల్లనిచ్చేవాళ్లు వచ్చినప్పుడు ముందు దిబ్బను చూసేవాళ్లు. పెద్ద దిబ్బ ఉందంటే గొడ్లున్నట్టు, గొడ్లున్నాయంటే పాడీ పంటా ఉన్నట్టు. గొడ్లనైతే ఒక పూటకి ఎవరింటి నుంచైనా తోలుకొచ్చి కట్టేసి మావేనని చెప్పుకోవచ్చు, దిబ్బను అరువు తెచ్చేదెలా అని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టడానికే నేను ఆ ఊరికి వచ్చానని అప్పటికి ఎవరికీ తెలియదు, నాతో సహా.

ఆఫీసరు గారు వచ్చే రోజు దగ్గర పడింది. గుంట మాత్రం నోరు తెరుచుకునే ఉంది. నేను బస చేసిన ఇంటావిడను ఊరంతా దొరసానమ్మ అనేది. నెల్లూరు మిషను ఆసుపత్రిలో చాలాకాలం ఆయాగా పనిచేసి, కప్పూ సాసరులో టీ తాగే అలవాటుతో తిరిగొచ్చిందని ఆ పేరు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆ పూట నేను అన్నం ముద్దను కంచంలో అటూ ఇటూ తిప్పుతుంటే ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"ఏందబ్బయా, కూడు తినకుండా ఆ దిగులేంది?"

"గుంట నిండకపోతే నా ఉద్యోగం పోతుంది పెద్దమ్మా. మా నాయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె లేచింది. కొంగు నడుముకు చుట్టుకుని వీధిలోకి వెళ్లింది. ఇల్లిల్లూ ఆగి ఆమె చెప్పిన మాట ఒక్కటే. "ఒక్క పూటే మేయ్. ఆ దొర జీపు దిగి జూసి పోంగానే ఎవురిది వాళ్లు ఎత్తుకొచ్చుకోండి. పిల్లోడి కూడు నిలబడతది." ఉద్యోగానికి ఇవ్వని చెత్తను కూటికి ఇచ్చారు. అది కూడా ఇవ్వడం కాదు, అరువు. అందరికంటే ముందు ఒప్పుకున్నది ఎదురింటి అక్క. మూడు గొడ్లున్న రైతు ఇల్లు వాళ్లది. "సరే పెద్దమ్మా, మా దిబ్బంతా ఎత్తుకోమను. పొద్దుగూకేలోపల మళ్లా మా వాకిట్లో ఉండాల" అంది. ఆ మాటతో మిగతావాళ్లూ కదిలారు. రైతులు తమ దిబ్బల్లోంచి తలా కాస్త, ఒకరు బూడిద, ఒకరు ఊక, ఒకరు సరుగుడాకు, చేపల పల్లె వాళ్లు రెండు గంపల పొలుసు. ప్రెసిడెంటు మామ తన దిబ్బలో సగం ఇచ్చి, మిగతా సగానికి కాపలాగా మనిషిని పెట్టాడు. నేను వరసలు వరసలుగా వేయించి, నీళ్లు చల్లించి, బోర్డు మీద రంగు సుద్దలతో గీసినట్టే తయారు చేయించాను. నా జీవితంలో నేను అంత గర్వంగా చూసుకున్నది మళ్లీ మా పెద్దమ్మాయి పుట్టినప్పుడే.

జీపు ఇసుకలో దిగబడి, ఊరంతా తోస్తే ఆఫీసరు గారు చేరుకున్నారు. గుంట చూశారు. మొహం వికసించింది. వంగి ఒక పిడికెడు తీసి నలిపి, వాసన చూసి, "భేష్" అన్నారు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు ఖాళీ గంపలు చంకన పెట్టుకుని, ఆయన ఎప్పుడు జీపెక్కుతాడా అని చూస్తున్నారు. ఆ గంపలు చూసి ఆయన ఉత్సాహం ఇంకా పెరిగింది. ఇంతమంది పనికి సిద్ధంగా ఉన్నారే, ఇంకెందుకు ఆలస్యం అన్నారు. "నా ఎదురుగానే మూసేద్దాం, మట్టి తెప్పించవయ్యా" అన్నారు. మట్టి తెప్పించాను. మొదటి ముద్ద ఆయనే వేశారు. చొక్కా చేతులు మడిచి స్వయంగా మెత్తారు కూడా. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేందబ్బయా, పూడ్చేస్తుండారు! నా ఊక!" అని వెనకనుంచి ఎవరో గట్టిగానే అన్నారు.

"ఏమంటున్నారు?" అన్నారు ఆఫీసరు గారు.

"సంతోషిస్తున్నారు సార్" అన్నాను.

గుంట మీద నున్నగా మట్టి మెత్తాక ఆయన చేతులు కడుక్కుంటూ, "మూడు నెలలకు నేనే వచ్చి తెరిపిస్తాను. ఆ ఎరువు చూశాకే నీ ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాను. అంతవరకు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అని చెప్పి జీపెక్కారు. ఈసారి జీపును ఎవరూ తోయలేదు. డ్రైవరూ నేనూ తోశాం.

ఆ తర్వాతి రోజులు నేను పెరటి దారిన తిరిగాను. ఎవరెంత ఇచ్చారో నేను ఎక్కడా రాసుకోలేదు కాబట్టి ఇచ్చిన చెత్త రోజురోజుకీ పెరుగుతూ పోయింది. చేటెడు బూడిద గంపెడైంది, గంపెడు ఊక బండెడైంది. ఒకావిడైతే తన సరుగుడాకు మామూలు ఆకు కాదని, నిప్పు చూపిస్తే చాలు అంటుకునే రకమని చెప్పి కళ్లొత్తుకుంది. అంట్లు ఇసుకతో తోముకుంటూ గిన్నె గిన్నెకూ నా పేరు తలుచుకునేవారు. ఎదురింటి అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కష్టపెట్టింది. ఆమె వాకిట్లో దిబ్బ ఉన్నచోట నేల నల్లగా, బోడిగా కనిపించేది.

వారం తిరక్కముందే ఆమె పరుగున మా ఇంటికొచ్చింది. ఆమె మరిదికి మనుబోలు వైపు నుంచి సంబంధం మాటలు నడుస్తున్నాయట, ఇల్లు చూడడానికి పిల్ల తండ్రి, మేనత్త రేపు మధ్యాహ్నానికి వస్తున్నారట. ఇంతకుముందు రెండు సంబంధాలు దగ్గరికొచ్చి తప్పిపోయాయి. ఇది మంచి సంబంధం.

"వాకిట్లో దిబ్బ లేకుంటే ఏమనుకుంటారు పెద్దమ్మా? గొడ్లమ్ముకొని తిన్నారనుకుంటారు. గుంటలో పూడ్చినామంటే నమ్ముతారా? ఇదేదో కత అంటారు."

ఊళ్లో ఇంకెవరినైనా అడుగుదామంటే అందరి దిబ్బలూ తలా కాస్త ఆ గుంటలోనే ఉన్నాయి. మిగిలినదాన్ని ప్రెసిడెంటు మామ మొదలు అందరూ, మళ్లీ అరువు అడుగుతారేమోనన్న భయంతో పొలాలకు తోలేసుకున్నారు. ఆమె నా వైపు చూడలేదు, తవ్వమని అడగలేదు. దొరసానమ్మా అడగలేదు. ఇద్దరూ నేల చూస్తూ నిలబడ్డారు. గుంట తెరిస్తే నా ఉద్యోగం సంగతేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. నాకు మా నాయన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్న మొహం కనిపించింది. చాలాసేపు ఆలోచించానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. "పొద్దున్నే పారలు తీసుకుని రమ్మనండి" అన్నాను.

తెల్లవారాక మొదటి పార నేనే వేశాను. మట్టి పెచ్చు పెళ్లగించగానే లోపలి నుంచి వేడి ఆవిరి, దానితోపాటు ఒక వాసన వచ్చింది. దాన్ని వర్ణించను, మీరు భోజనం చేసి ఉండవచ్చు. వారం రోజుల్లో బూడిదా, ఊకా, పేడా, పొలుసూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తన సరుగుడాకు కోసం వచ్చినావిడ అందులోకి చూసి ముక్కు మూసుకుని, "ఇంకెవురిదని ఏరేది మేయ్, అంతా అక్కడే పోసేయండి, తర్వాత జూసుకుందాం" అంది. అంతే, గంపలన్నీ ఒకే వైపు కదిలాయి. నిన్నటిదాకా నన్ను తిట్టినవాళ్లు, చేపల పల్లె వాళ్లు, కోకలు ఎగగట్టి మోశారు. దొరసానమ్మ టీ కాచి పోస్తూ అజమాయిషీ చేసింది. మధ్యాహ్నానికి ఎదురింటి అక్క వాకిట్లో గోడ కంటే ఎత్తుగా దిబ్బ లేచింది. ఆ ఇంటి చరిత్రలో అంత దిబ్బ ఎన్నడూ లేదు. మూడు గొడ్లూ దాన్ని చూసి బెదిరి ఇంకో పక్కకు తిరిగి నిలబడ్డాయి.

పిల్ల తండ్రి బండి దిగి ఇంట్లోకి పోకుండా దిబ్బ దగ్గరే ఆగిపోయాడు. తల పైకెత్తి చూశాడు. "ఎన్ని గొడ్లుండాయి తల్లీ?" అన్నాడు.

"మూడు మామా" అంది అక్క. అబద్ధం ఆమెకు చేతకాదు. "మేత మాత్రం బాగా ఏస్తాం" అని చేర్చింది.

ఆయన తృప్తిగా తలూపాడు. ఆయన వెంట వచ్చిన పిల్ల మేనత్త, బక్కపలచని ముసలావిడ, చేతికర్ర దిబ్బలోకి గుచ్చి ఒకసారి తిప్పింది. ఆవిడ కర్ర బయటికి లాగి, కొనను గోడకు తుడిచి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. సంబంధం ఆ పూటే ఖాయమైంది.

నాది మాత్రం తేలలేదు. పెళ్లయ్యేదాకా పిల్ల తరఫువాళ్లు వచ్చిపోతుంటారని ఆ దిబ్బను మళ్లీ గుంటలో వేయనే లేదు. మూడు నెలల తర్వాత ఆఫీసరు గారు అన్నమాట ప్రకారం వచ్చారు. గుంట ఖాళీగా, దడులు ఒరిగిపోయి ఉంది. ట్రంకు పెట్టె సర్దుకునే ఉన్నాను. జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచాను. దొరసానమ్మ నా కాలు తొక్కింది. ఆమె అంత బరువుంటుందని అంతవరకు నాకు తెలియదు. ఈలోగా ప్రెసిడెంటు మామ ముందుకొచ్చాడు.

"ఎరువు పొలాలకు తోలేసినాం సార్. బ్రహ్మాండంగా మాగింది. మీరొచ్చేదాకా ఆగుదామని ఈ పిల్లోడు మొత్తుకున్నాడు గానీ, మేమే ఆగలేకపోయినాం."

"అవును సార్" అన్నారు ఆడవాళ్లు, అందరూ ఒకేసారి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. గుంట నిండితే మెచ్చుకున్న ఆఫీసరు గారు, ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. రైతులు తమంతట తామే తోలుకుపోయారంటే ఇంతకన్నా ఏం కావాలి అన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. మా నాయన ఆ వార్త విని చేసిన ప్రార్థన ఎంత పొడుగో మా అమ్మ చాలాకాలం చెప్పుకుంది.

ఎదురింటి పెళ్లిలో నేను వడ్డన వైపు తిరుగుతుంటే ఆ మేనత్త కర్రతో నన్ను దగ్గరికి పిలిచింది.

"గుంట పిల్లోడివి నువ్వేనంట గదా?"

"అవునవ్వా."

"ఆ రోజు నేను కర్రతో కెలికినా. చేప పొలుసు తగిలింది, సరుగుడాకు తగిలింది. రైతింటి దిబ్బలో చేప పొలుసెట్టొస్తది? ఒక ఇంటి దిబ్బ కాదని అప్పుడే తెలిసిపోయింది."

నా చేతిలో సాంబారు గరిటె అలాగే ఆగిపోయింది. "మరి మీ అన్నగారికి చెప్పలేదా అవ్వా?"

"ఎందుకు చెప్పాల?" అంది ఆవిడ. "ఒకింటి పరువు పోతదని ఊరు ఊరంతా పెంట మోసినారు గదా నాయనా. మా పిల్లకు తల్లి లేదు. రేపు దానికేదన్నా కష్టమొస్తే వీళ్లే వస్తార్లే అనుకున్నా. గొడ్లదేముంది, ఇయ్యాల ఉంటాయి, రేపు పోతాయి." అని, "సాంబారు పోస్తావా, పోయవా?" అని ఆకు ముందుకు జరిపింది.

పోశాను. కొంచెం ఆకు బయట పడింది. అప్పటిదాకా ఆ ఊరికి నేనేదో నేర్పడానికి వచ్చాననే అనుకుంటూ ఉన్నాను. అలా అనుకున్న ఆ కుర్రవాడు ఇప్పుడు గుర్తొస్తే జాలేస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. ఆ రోజు పెళ్లిభోజనంలో చివరి బంతి లేచేదాకా వడ్డించాడు, ఎవరు ఎన్నిసార్లు అడిగినా కాదనలేదు.